సత్తవ్వ చుక్క రోహిణి కాదు

కాగితం లెక్కన చూస్తే చెన్నూరు సత్తవ్వ ఐదేళ్ల వయసులో పెద్దకొడుకును కన్నది. ఆ కొడుకు సాల్మన్ అరవై నిండి మొన్ననే రిటైరయ్యాడు. తల్లి ఆధారులో మాత్రం అరవై ఐదు. ఈ వింత ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరికీ పట్టలేదు. "ఇప్పుడు మార్పిచ్చి ఏం జేస్తవే అవ్వా, నడుస్తుంది గదా" అంటాడు సాల్మన్. నడుస్తుంది, నిజమే. ఒళ్లు మండేది సత్తవ్వకు కదా, అతనికేం.

తప్పు ఎవరిదో వెతకనక్కర్లేదు. భర్త అంతయ్య బొగ్గుబావిలో పనికి చేరేటప్పుడు, ముప్పై దాటినవాడిని తీసుకోరని ఎవరో చెబితే పదేళ్లు తగ్గించి రాయించుకున్నాడు. ఆ రోజుల్లో బావిపనికి పోయినవాళ్లు చాలామంది చేసిన పనే అది. అంతటితో ఆగినా బాగుండేది. నీ భార్య వయసెంత అని గుమస్తా అడిగితే అంతయ్య నోరు వెళ్లబెట్టాడట. గుమస్తా తనే చొరవ తీసుకుని, భర్త వయసులోంచి ఎనిమిదేళ్లు తీసేసి సత్తవ్వకు ఒక వయసు ప్రసాదించాడు. ఆ పూట ఆమె పత్తి చేనులో ఉంది. తన బతుకులోంచి పద్నాలుగేళ్లు ఎగిరిపోతున్నాయని ఎవరూ కబురు పెట్టలేదు. ఆ కాగితం చూసి రేషన్ కార్డు, రేషన్ కార్డు చూసి ఓటు కార్డు, దాన్ని చూసి ఆధారు. అంతయ్య పోయి తొమ్మిదేళ్లయింది. ఉంటే వారానికోసారైనా దీనికి తిట్లు తినేవాడు. పోయాక కూడా తింటూనే ఉన్నాడు.

ఆధారునైనా ఓర్చుకునేదేమో గాని, తమ్ముడు పేతురును ఓర్చుకోవడం సత్తవ్వ వల్ల కాలేదు. పేతురు మిషన్ హాస్టల్లో చదువుకుని, బడిపంతులుగా చేసి, పదకొండేళ్లుగా చర్చికి సెక్రటరీగా ఉన్నాడు. అతని కాగితాల్లో పుట్టిన తేదీ సరిగ్గా ఉంది. డెబ్బై ఒకటి. సెక్రటరీ అయిన నాటి నుంచి ఒక సరదా మొదలుపెట్టాడు. ఆదివారం ఆరాధన ముగిశాక అందరి ముందూ "ఏం చెల్లె, మంచిగున్నవా?" అంటాడు. జనం నవ్వుతారు. ముక్కు తుడిచి, జావ తాగించి, చంకనేసుకుని మోసిన తమ్ముడు తనను చెల్లె అంటుంటే సత్తవ్వకు అరికాలి మంట నెత్తికెక్కేది. వాడితో అక్కా అనిపించుకోవాలి, అదీ పదిమందిలో. ఆమె కోరిక అంతే.

ఈ ఫిబ్రవరిలో ఆ గొడవకు చుక్కలు కూడా తోడయ్యాయి. చిన్నకొడుకు కూతురు బ్లెస్సీ తొమ్మిదో తరగతి. వాళ్ల సైన్సు సారు వాహెద్ శుక్రవారం పొద్దుగూకాక బడి మైదానంలో చుక్కలు చూపిస్తానన్నాడు. పిల్లలు ఇంట్లో పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి, వాళ్ల వయసుకు సరిపడే చుక్కను వాళ్లకు చూపించాలట.

"జాతకాలా? మనం ప్రార్థన జేసుకునేటోళ్లం. గవన్నీ మనకొద్దు" అంది సత్తవ్వ బియ్యం చెరుగుతూ.

"జాతకం గాదు నాయినమ్మా, సైన్సు. చుక్క వెలుగు మన దాంక రావాల్నంటే ఏండ్లు వడ్తది. రోహిణి చుక్కకు అరవై ఐదేండ్లు. అంటే నువ్వు పుట్టిన యేడు ఆడ బయల్దేరిన వెలుగు ఇయ్యాల నీ కండ్లల్ల వడ్తదన్నట్టు."

సత్తవ్వ చేట పక్కన పెట్టింది. తాను పుట్టిన ఏడే ఒకటి బయల్దేరి, అంత దూరం నుంచి తన కంటి దాకా వచ్చిందంటే ముచ్చటగానే ఉంది. మరుక్షణం అరవై ఐదు అన్న మాట చెవిలో గుచ్చుకుంది.

"గది నా వయసు గాదు, మీ తాత రాయించిన వయసు. గా చుక్క నాకొద్దు."

"మరి నీకెన్నేండ్లు?"

"పేతురును సంకనేసుకొని బాప్తిస్మానికి తీస్కపోయిన్నాడు నాకు ఎనిమిది. అవ్వ జరమొచ్చి పండుకున్నది. పాస్టరయ్య అడిగితే అవ్వ చెప్పి పంపినట్టే చెప్పిన. ఆయన బుక్కుల రాసుకున్నడు."

చర్చి బుక్కులన్నీ సెక్రటరీ ఇంట్లోనే ఉంటాయి. బ్లెస్సీ ఆ సాయంత్రమే పోయి అడిగితే, పాత బుక్కుకు చెదలు పట్టిందని, ఎప్పుడో పారేశామని పేతురు తాత చెప్పి పంపించాడు.

"పోనీ నాయినమ్మా, రోహిణే అనుకుందాం. ఎర్రగ మంచిగుంటది" అంది బ్లెస్సీ.

"ఎర్రగుంటే నేనేం జేసుకోవాలె? రేపు ఇంకొకలొచ్చి నువ్వు సత్తవ్వవే గాదంటరు. గప్పుడు గూడ సరే అందామా?"

చెదల మాట నమ్మని సత్తవ్వ శుక్రవారం పొద్దున్నే చెప్పులేసుకుంది. బ్లెస్సీని తీసుకుని రెండు గల్లీలు దాటి తమ్ముడి ఇంటికి పోయింది. పేతురు పేపరు చదువుతున్నాడు. ఆమె కూర్చోలేదు. అల్మారా మీద గుడ్డలో చుట్టిపెట్టిన మూటను చూపించి అడిగింది.

"గదేంది?"

"పాత పాటల పుస్తకాలు."

"బ్లెస్సీ, దించు."

"సత్తవ్వా, వద్దు" అన్నాడు పేతురు. చెల్లె అనలేదు. కోపంలో ఆ తేడా ఆమెకు తెలియలేదు.

మూటలో ఉన్నది చర్చి పాత బుక్కే. చెదలు లేదు, ఏమీ లేదు. అట్ట మాత్రం కాస్త నలిగింది. బ్లెస్సీ పేజీలు తిప్పుకుంటూ పోయి పందొమ్మిది వందల యాభై ఐదు దగ్గర ఆగింది. వెలిసిపోయిన సిరాలో పాత పాస్టరు రాతను కూడబలుక్కుని చదివింది.

"పేతురు, తొమ్మిది నెలలు. అక్క ఎత్తుకొని తెచ్చెను. సత్తవ్వ, ఎనిమిదేండ్లు. చురుకైన పిల్ల. వచ్చే జూన్ మాసమున మంచిర్యాల హాస్టలు బడికి పంపవలెను."

"మళ్ల సదువు" అంది సత్తవ్వ.

బ్లెస్సీ మళ్లీ చదివింది. ఆ ఏడు వానలు పడేముందు పాస్టరయ్య ఇంటికొచ్చాడు. అవ్వ వాకిట్లో నిలబడి "ఇది పోతే పోరగాన్ని ఎవలెత్తుకోవాలె అయ్యా?" అంది. అది సత్తవ్వకు గుర్తుంది. పోయేది ఎక్కడికో మాత్రం ఇన్నేళ్లూ తెలియదు. ఏడేళ్లు నిండాక హాస్టలుకు పోయింది ఆ పోరగాడే.

పేతురు పేపరును మడత మీద మడత పెడుతున్నాడు. "సెక్రటరీ అయిన వారమే సదివిన. నీకు చూపిద్దామనుకున్న, నోరు రాలే. నువ్వు కూసోవాల్సిన జాగల నేను కూసొని సదువుకున్న. నిన్ను చూస్తే గదే యాదికొస్తుండె. గందుకే చెల్లె చెల్లె అనుకుంట నవ్వులాటకు తిప్పిన."

సత్తవ్వకు ఏడుపొచ్చింది. దానికి రెండింతలు కోపమొచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో మనవరాలి చెయ్యి పట్టుకుని ఇంటికొచ్చేసింది. బుక్కును మాత్రం వదల్లేదు. చంకలో పెట్టుకునే వచ్చింది.

సాయంత్రం మైదానంలో లైట్లు ఆర్పారు. నడినెత్తి మీద రోహిణి ఎర్రగా ఉంది. వాహెద్ సారు కాగితం మీద టార్చి వేసి చదివాడు. "బ్లెస్సీ వాళ్ల నాయినమ్మ, అరవై ఐదు, రోహిణి."

"గాదు సార్." చీకట్లోంచి గొంతు వినబడింది. పేతురును ఎవరూ పిలవలేదు, అతనే వచ్చాడు. "మా అక్కకు డెబ్బై తొమ్మిది. నాకన్న పెద్దది. నన్ను సంకనేసుకొని పెంచింది. చర్చి బుక్కుల రాసున్నది, రుజువు గావాల్నంటే నేనే సంతకం వెడ్త."

ఆదివారాలు నవ్వే మొహాలు సగం అక్కడే ఉన్నాయి. ఎవరూ నవ్వలేదు.

"డెబ్బై తొమ్మిదైతే మఖ నక్షత్రం అవ్వా" అన్నాడు వాహెద్ సారు. "అగో తూర్పున, ప్రహరీగోడ మీద తెల్లగ మెరుస్తుంది గదా, గదే. డెబ్బై తొమ్మిదేండ్ల దూరం, జర అటూ ఇటూ."

"చుక్కకైతే అటూ ఇటూ అన్నా నడుస్తది" అని గొణిగింది సత్తవ్వ. కానీ చూసింది. మెడ నొప్పి పుట్టేదాకా చూసింది. పేతురు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"కోపం పోయిందా అక్కా?"

"యాడికి పోతది? గా వెలుగు ఎంతో దూరం నుంచి యాడా ఆగకుంట నా దాంక వచ్చింది. నీ ఇంటికి నా ఇంటికి రెండు గల్లీలు. పదకొండేండ్లు వట్టిందిరా నీకు."

సత్తవ్వ చంకలోని బుక్కును తీసి చీకట్లోనే తెరిచింది. పేజీ మీద చెయ్యి పెట్టింది.

"అందరి పిల్లలకు సదువు చెప్పినవు. గిండ్ల నా పేరు యాడున్నదో నాకు తెల్వది. రేపు పొద్దుగాల వచ్చి వేలువెట్టి చూపియ్యి. మళ్ల పదకొండేండ్లు జెయ్యకు."