గోడల మీద రాసిన నర్సమ్మ

మా నర్సమ్మ పోయిందని ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. ఎర్రగుంట్లలో మా ఇంటి ముందు సిమెంటు లారీలు పోతుంటే మొదట సరిగ్గా వినబడక రెండోసారి చెప్పించుకున్నాను. పొద్దున్నే కాఫీ తాగి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుందట, మళ్ళీ లేవలేదు. ఊరూరా తిరిగి జనాన్ని తరిమి తరిమి సూదులు వేసిన మనిషి, తన వంతు వచ్చేసరికి ఎవరినీ కష్టపెట్టకుండా వెళ్ళిపోయింది. ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చాను. ఆమె గురించి పేపర్లో ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను.

ఆమె ఆలూరు వైపు పల్లెల్లో ప్రభుత్వ నర్సుగా చేసి రిటైరైంది. ఇంట్లో కూర్చుంటే కాళ్ళు పట్టేస్తాయని ఒక మందుల పరిశోధన ప్రాజెక్టులో చేరింది. మోకాళ్ళ నొప్పులకు కొత్తగా వచ్చిన మాత్ర ఒకటి మేలు చేస్తుందా, హాని చేస్తుందా అని ఒక పల్లెలో ఆడవాళ్ళకిచ్చి ఏడాది పాటు చూడటం ఆ ప్రాజెక్టు పని. నెలకోసారి నర్సమ్మ ఇల్లిల్లూ తిరిగి, మాత్రలిచ్చి, బీపీ చూసి, రక్తం తీసి, ఫారం నింపాలి. ఆ ఫారాలు కర్నూలు ఆఫీసుకు వస్తే కంప్యూటర్లోకి ఎక్కించేది నేను. మాది ఆలూరులో కిరాణా అంగడి. తూకంలో ఆవగింజంత తేడా వచ్చినా మా నాన్నకు అన్నం సయించేది కాదు. ఆ ఇంట్లో పెరిగి కూడా నేను చేసిన పని ఏమిటో మెల్లగా చెప్తాను.

నర్సమ్మకు ఒక పాత అలవాటు ఉండేది. మలేరియా వాళ్ళు ఇంటి గోడల మీద తేదీలు వేసిపోయే రోజుల్లో ఉద్యోగంలో చేరింది కదా, ఆ పద్ధతి చివరిదాకా వదల్లేదు. ఏ ఇంటికి పోయినా తలుపు పక్కన గోడ మీద ఎర్రటి జాజుమట్టితో తేదీ వేసి, పక్కన ఒక్క మాట రాసేది. మనుషులుంటే ‘చూసినా’, లేకపోతే ‘తాళం’. ఆఫీసులో మా సూపర్వైజరు దానికి పగలబడి నవ్వేవాడు. ఫోన్లో ఫోటోలు తీసే కాలంలో ఈ గోడరాతలేమిటని ఒకరోజు నేనూ అడిగాను.

“కాగితం కర్నూలుకు పోతాది పాపా, గోడ ఈడనే ఉంటాది,” అంది.

కోపం కూడా ముక్కు మీదే ఉండేది. బస్సు ఆపకుండా పోయిన డ్రైవరును మర్నాడు గుర్తుపట్టి మరీ తిట్టేది. తిట్టడం అయ్యాక సంచిలోంచి వేయించిన శెనిక్కాయలు తీసి అతని చేతిలోనే పోసేది. కొట్టమైనా, గుడిసైనా చెప్పులు బయటే విడిచి లోపలికి పోయేది. “మాత్ర మింగించేది నీళ్ళు కాదు, మన మాట” అని కొత్తగా చేరిన నర్సులకు చెప్పేది. ఆ మాటే చివరికి ఆమెకు ముల్లై గుచ్చుకుంది.

మా వైపు వానల సంగతి తెలిసిందే. పత్తి తీతలు కాగానే పల్లెలు సగం ఖాళీ అవుతాయి. ముసలివాళ్ళను, బడి పిల్లలను ఇళ్ళల్లో వదిలి, వదలడానికి ఎవరూ లేనివాళ్ళు తాళం వేసి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతారు. దాన్ని సుగ్గికి పోవడం అంటారు. మళ్ళీ ఉగాదికే రావడం. ఆ ఏడాది పోయేవాళ్ళకు మూడు నెలల మాత్రలు ముందే ఇచ్చి పంపమన్నాడు సూపర్వైజరు. ఇన్ని నెలలు బీపీ చూడకుండా ఎట్లా అని నర్సమ్మ గొణిగింది, కానీ ఇచ్చింది. ఒక్క పూట కూడా మానొద్దని ఒక్కొక్కరికీ గట్టిగా చెప్పింది.

తర్వాతి నెల ఆమె తెచ్చిన ఫారాల్లో పద్దెనిమిదింటి మీద ఒకటే మాట: ‘తాళం. సుగ్గికి పోయినారు.’ సూపర్వైజరు వాటిని బల్ల మీద విసిరాడు. పెద్ద చదువులు చదివిన మనిషి, కర్నూలు దాటితే అన్నీ ఒకటే ఊళ్ళనుకునే రకం.

“ఇన్ని ఖాళీలుంటే పైవాళ్ళు ప్రాజెక్టు ఆపేస్తారమ్మా. పోయి రక్తం తీసుకొని రా.”

“మనుషులు లేరు సార్. గోడ రక్తం తీసేదా?”

అతను ఆ ఫారాలు ఏరుకొని తన గదిలోకి పోయాడు. వారానికి అవే పద్దెనిమిది పేర్ల మీద కొత్త ఫారాలు నా బల్ల మీదికి వచ్చాయి. బీపీ ఉంది, రక్తం తీసిన తేదీ ఉంది, వేలిముద్ర ఉంది, చివర్లో ‘ఏ ఇబ్బందీ లేదు’ అని ఉంది. పల్లె నుంచి వచ్చే ఫారాలు మడతలు పడి, మట్టి అంటి ఉండేవి. ఇవి అప్పుడే కట్టలోంచి తీసినట్టున్నాయి. నాకు అర్థమైంది. అర్థమై కూడా పద్దెనిమిదీ ఎక్కించాను. మరుసటి నెల కూడా అంతే. ఉద్యోగం పోతుందని భయం. అంతకంటే గొప్ప కారణమేమీ నా దగ్గర లేదు.

రెండో నెల చివర నర్సమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. “ఉరుకుందమ్మది చూపీ పాపా. పోయేముందు కాళ్ళు కొంచెం ఉబ్బినట్టుండె” అంది. నేను కంప్యూటర్లో తెరచి చూపించాను. పదో తారీకున బీపీ, రక్తం, ఏ ఇబ్బందీ లేదు.

“పదో తారీకున నేను ఆ ఇంటి గోడ మీద తాళం అని రాసినా,” అంది. తర్వాత నా మొహం చూసింది. తిడుతుందనుకున్నాను. “నువ్వు టైపు చేసినావు, నేను మింగమన్నా. పద, ఇద్దరమూ పోదాం” అంది.

బస్సులు మారి గుంటూరు వైపు ఆ తోటల దగ్గరికి చేరేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. చేను గట్టున పట్టలు కప్పిన గుడిసెలు. గాలంతా మిరప ఘాటు. ఉరుకుందమ్మ మమ్మల్ని చూసి నవ్వుకుంటూ వచ్చింది. కళ్ళ కింద ఉబ్బి మొహం గుండ్రంగా అయిపోయింది. నర్సమ్మ కింద కూర్చొని ఆమె చీలమండ మీద బొటనవేలితో నొక్కింది. పడిన గుంట చాలాసేపు అట్లాగే ఉండిపోయింది.

“ఎన్నాళ్ళాయ ఇట్ల?”

“నెలాయ నర్సమ్మా. పనిలో నీరు దిగిందేమో అనుకుంటి.”

“మాత్రలు మింగుతాండావా?”

“ఒగ పూట గూడ మాన్లేదు. నువ్వు చెప్పినావని మింగుతాండాం అందరం.”

ఆ మాట మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల చెప్పినట్టు చెప్పింది. నర్సమ్మ ఇంక తల ఎత్తలేదు. ఆ గుడిసెల్లో ఉన్న పద్దెనిమిది మందిలో అయిదుగురికి మొహాలు ఉబ్బి ఉన్నాయి. ఉరుకుందమ్మ తోటికోడలైతే లేచి కూర్చోలేకపోయింది. నర్సమ్మ అందరి దగ్గరా మాత్రలు వాపసు తీసుకొని, ఆ అయిదుగురినీ ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయని డాక్టర్లు చెప్పారు.

ఆ మాత్ర మరో రెండు జిల్లాల్లో కూడా ఇస్తున్నారని మాకు తెలుసు. మా కాగితాలన్నీ ‘ఏ ఇబ్బందీ లేదు’ అంటుంటే దాన్ని ఎవరు ఆపుతారు? నర్సమ్మ చెప్తుంటే నేను రాసి, హైదరాబాదులో ఆ ప్రాజెక్టు మంచిచెడ్డలు చూసే కమిటీకి ఉత్తరం పంపాం. కింద ఇద్దరం సంతకాలు పెట్టాం. వారంలోపే ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. ఈ ముసలామె పల్లెలకు పోకుండానే తాళం అని రాసుకొచ్చేదని సూపర్వైజరు పైకి రాశాడు.

కమిటీ వస్తామంది, కానీ ఉగాది అయ్యాకనట. నర్సమ్మకు కాలు నిలవలేదు. సుగ్గి నుంచి తిరిగి వచ్చినవాళ్ళు పండక్కి చేసే మొదటి పని గోడలకు సున్నం కొట్టడం. సున్నం పడితే తేదీలు పోతాయి. నన్ను వెంటబెట్టుకొని పద్దెనిమిది గడపలూ తిరిగింది. తనూ సుగ్గికి పోయి వచ్చిన ఉరుకుందమ్మ అత్త అప్పటికే సున్నం కలిపి పెట్టుకొని ఉంది.

“పండగ పూట గోడకు మచ్చ పెట్టుకోమంటాండావా?”

“మచ్చే. నాలుగు దినాలు ఉండనీ. వాళ్ళు చూసిపోయినంక నేనే వచ్చి కొట్టిపోతా.”

ముసలామె సున్నం కుంచె చేతిలో పట్టుకొని కోడలి మొహం చూసి, తేదీల చుట్టూ జాగ్రత్తగా కొట్టుకుంటూ పోయింది. మిగతా ఇళ్ళల్లోనూ అంతే. ఆ ఉగాదికి ఆ వీధిలో పద్దెనిమిది తెల్లటి గోడల మీద తలుపు పక్కన జానెడు మురికి మిగిలింది.

కమిటీవాళ్ళు ముగ్గురు వచ్చారు. వాళ్ళలో పెద్దాయన ఒక చేత్తో ఫారాలు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి గోడతో సరిచూశాడు. “ఇవి నిన్న రాసినవి కావని నమ్మకమేమిటి?” అని సూపర్వైజరు పక్కనుంచి అన్నాడు. నర్సమ్మ నోరు తెరిచేలోపే ఉరుకుందమ్మ ముందుకొచ్చింది.

“సామీ, పదో తారీకున నేను గుంటూరులో ఉంటి. మా మేస్త్రీని అడుగు. ఈడ నా రక్తం ఎట్ల తీస్తిరి?”

పెద్దాయన ఆ ఫారం కంప్యూటర్లోకి ఎక్కించిందెవరని అడిగాడు. నేనని చెప్పాను. ఆ రోజు నేను చేసిన ఒకే ఒక మంచిపని అది.

మూడు జిల్లాల్లోనూ ఆ మాత్ర ఆపేశారు. సూపర్వైజరు ఇంకెక్కడో ఇంకో ప్రాజెక్టులో ఉన్నాడని విన్నాను. నలుగురు ఆడవాళ్ళు కోలుకున్నారు, ఉరుకుందమ్మ తోటికోడలు కోలుకోలేదు. ఆమె పోయేదాకా నర్సమ్మ వారం వారం ఆసుపత్రికి పోయి పక్కన కూర్చునేది. పల్లెలో పద్దెనిమిది ఇళ్ళకూ పోయి, తనే సున్నం కొట్టి, ప్రతి గడపలో నిలబడి ఒకే మాట చెప్పింది: “అదేం మందో నేను కనుక్కోకుండానే మీ చేత మింగిస్తి. తప్పు నాది.” అంత పెద్ద ప్రాజెక్టులో ఆ మాట అన్నది ఆమె ఒక్కతే. నేను ఆమెకు ఎంత రుణపడ్డానో ఆమె ఉన్నప్పుడు చెప్పలేదు. చెప్పి ఉంటే శెనిక్కాయలు చేతిలో పోసి నోరు మూసుకోమనేది.

నర్సమ్మ పదకొండో రోజుకు ఆలూరు పోయి, అట్నుంచి ఆ పల్లెకు పోయాను. ఉరుకుందమ్మ ఇంటి ముందు కొత్తగా వచ్చిన నర్సు, చిన్నపిల్ల, షుగరు పరీక్షకని సూది చేతిలో పట్టుకొని నిలబడి ఉంది. ఉరుకుందమ్మ చెయ్యి కొంగు కిందే పెట్టుకొని అరుగు మీద కూర్చుంది. ఆ వెనకే వీధి ఆడవాళ్ళు అయిదారుగురు, వాళ్ళ చేతులూ కొంగుల కిందే.

“తీద్దువులే పాపా, తొందరేముండాది. ముందు కూచో. ఈ రక్తం యాడికి పోతాది, దాంట్ల ఏం చూస్తారు, మాకు మళ్ళా ఎవరొచ్చి చెప్తారు, అన్నీ చెప్పు.”

ఆ పిల్ల అటూ ఇటూ చూసింది. తర్వాత సూదికి మూత పెట్టి, అరుగు మీద వాళ్ళ పక్కనే కూర్చొని చెప్పడం మొదలుపెట్టింది.