నాన్న గంగాళంలో నా పొడి

రంగు విషయంలో మా నాన్నకు దయాదాక్షిణ్యాలు లేవు. కొత్తగూడెంలో, గని కార్మికుల క్వార్టర్ల వెనక సందులో, ఆయనది గుడ్డలకు రంగులు వేసే చిన్న షాపు. వెలిసిపోయిన చీరలు, మ్యాచింగ్ దొరకని జాకెట్ గుడ్డలు పినపాక నుంచి కూడా బస్సెక్కి వచ్చేవి. ఆయనకు కొలతల్లేవు, పుస్తకం లేదు. మరిగే గంగాళంలో తెల్ల దారం ముంచి తీసి, ఎండలో పైకెత్తి చూసేవాడు. కట్టుకునే మనిషి బాగుందన్నా వినేవాడు కాదు. "ఇంకా తేడా ఉంది" అని మళ్లీ ముంచేవాడు. ఓ ఆదివారం పొద్దున అమ్మ చర్చికి వేసుకోవాల్సిన జాకెట్‌నూ అట్లాగే గంగాళంలో పడేశాడు. అమ్మ పాత జాకెట్‌తో, దారి పొడుగునా తిట్టుకుంటూ వెళ్లింది.

చిన్నప్పుడు ఆ గంగాళంలో ఉప్పు, చాకలి సోడా వేసే పని నాది. అవి పడితేగాని నూలుకు రంగు పట్టదు. సోడా నీళ్లు సబ్బు పట్టినట్టు వేళ్ల మధ్య జారేవి. సాయంత్రానికి చర్మం పగిలేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

వాడిన నీళ్లు మోరీలో పడి సందు చివరకు పోయేవి. అక్కడ మేకలు పెంచుకునే ఒకామె వాకిటి ముందు గుంటలో నిలిచేవి. మేకలు ఎర్ర మూతులతో ఇంటికి చేరేవి. కొన్నాళ్లకు ఆమె బోరింగు నీళ్లకూ ఆ ఛాయ వచ్చింది. ఆమె వెళ్లి మా షాపు ఇంటాయనకు చెప్పుకుంది. ఆమె తప్పేమీ లేదు. ఇంటాయన నాన్నను ఖాళీ చేయమన్నాడు.

అప్పటికి నేను హైదరాబాద్‌లో రీసెర్చ్ చేస్తున్నాను. నీళ్లలోంచి రంగును లాగేసే పొడి మీదే నా పని. మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్ అంటారు దాన్ని. లోహాన్నీ కర్బన పదార్థాన్నీ జతచేసి, కంటికి కనపడనంత చిన్న గూళ్లు కడతామని నాన్నకు ఫోన్లో చెప్పాను.

"తేనెపట్టు లెక్కనా బిడ్డా?"

"అవ్ నాన్నా. అరలల్ల తేనెకు బదులు రంగు చేరుతది."

ల్యాబ్‌లో నీలిరంగు నీళ్లు కాసేపట్లో తేటబడే వీడియో ఒకటి పంపాను. నాన్న దాన్ని ఇంటాయనకూ, మేకలామెకూ, గుడ్డలు తెచ్చిన ప్రతి మనిషికీ చూపించాడు. "మా బిడ్డ వచ్చి నీళ్లు బాగు చేస్తది, జర ఆగుండ్రి" అని క్రిస్మస్ దాకా గడువు అడిగాడు. నాకు గర్వంగా ఉండేది. అన్ని నెలల్లో నేను ఒక్కసారి కూడా ఆయన వాడిన నీళ్లు ఒక సీసాడు తెప్పించుకుని పరీక్షించలేదు.

క్రిస్మస్‌కు వారం ముందు పొడి తీసుకుని వచ్చాను. ఇంటాయన షాపు ముందు కుర్చీలో కూర్చున్నాడు. మేకలామె గోడకు ఆనుకుని నిలబడింది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆ పొద్దున మెరూన్ వేసిన నీళ్లు గాజు సీసాలో పట్టి ఉంచాడు.

సీసా అందుకుంటుంటే నీళ్లు చేతి మీద ఒలికాయి. సబ్బు పట్టినట్టు జారాయి. సోడా! నేను కట్టిన గూళ్లు సోడా తగిలితే కూలిపోతాయి. ల్యాబ్‌లో నేను తేట చేసింది శుభ్రమైన నీళ్లలో కలిపిన ఒకే ఒక్క రంగును. నా చేత్తో గుప్పెళ్లకొద్దీ వేసిన సోడాను చదువులో పడి మరిచిపోయాను.

అప్పుడే చెప్పేయాల్సింది. పొడి వేసి కలిపాను. అందరం చూస్తూ ఉన్నాం. అడుగున కాస్త మడ్డి పేరుకుంది. పైన నీళ్లు మెరూన్‌గానే ఉన్నాయి.

"ఏంది తల్లీ, గట్లనే ఉన్నది?" అన్నాడు ఇంటాయన.

నాన్న సీసా తీసుకుని ఎండలోకి వెళ్లాడు. దారాన్ని చూసినట్టే పైకెత్తి చూశాడు.

"కొంచెం తేటపడ్డది" అన్నాడు.

ఎవరూ నమ్మలేదు. మేకలామె జాలిగా నావైపు చూసి ఇంటికి వెళ్లిపోయింది. జనవరిలో షాపు మూసేశాం.

రెండేళ్ల తర్వాత నాన్న దవాఖానాలో పడ్డాడు. మంచం పక్కన కూర్చుని, అన్నాళ్లూ దాచిన మాట చెప్పాను. "నాన్నా, ఆ రోజు నీళ్లు తేటపడలే."

"నాకు తెల్వదా బిడ్డా?" నీరసంగా నవ్వాడు. "గుడ్డయితే మళ్ల ముంచుతుంటి. నువ్వు గుడ్డవా?"

ఆ వారమే పోయాడు.

సోడాకు తట్టుకునే పొడి చేయడానికి నాకు మరో ఏడాది పట్టింది. మొదటిసారి అది పనిచేసిన రోజు, ఉప్పూ సోడా వేసి కలిపిన మెరూన్ నీళ్లు మంచినీళ్లలా అయ్యాయి. సీసాను కిటికీ దగ్గర ఎండలో పైకెత్తి పట్టుకున్నాను. ల్యాబ్‌లో అందరూ బాగుందన్నారు. ఇంకా తేడా ఉందో లేదో అడగడానికి నాన్న లేడు. సీసా పట్టుకుని అక్కడే ఏడ్చాను.