మూడో రాత్రి లైను

పొద్దున్నే కొత్త మేనేజరు ఫోను. లారీ డ్రైవర్లకు డ్యూటీలు వేసే ప్రోగ్రాములో ఒక లైను అడ్డొస్తోందట, సాయంత్రంలోగా తీసెయ్యాలట. ఏ లైనో ఆయన చెప్పకముందే తెలిసిపోయింది. అప్పటినుంచి కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతున్నాను. టీ రెండుసార్లు పొంగింది.

ఆ ప్రోగ్రాము రాసింది మా బాబాయి. బొగ్గు లారీల ఆఫీసులో చేత్తో డ్యూటీ లిస్టులు రాసే గుమాస్తా, నడివయసులో కంప్యూటరు నేర్చుకున్నాడు. అందరూ కోడు రాసి, తీరిక దొరికితే వివరణ రాస్తారు. ఆయనది తిరగేసిన పద్ధతి. ముందు తెలుగులో ఉత్తరంలా ఒక పేరా, దాని కింద నాలుగు లైన్ల కోడు. ఒక టూలు ఆ రాతలోంచి కంప్యూటరుకు కోడు విడదీసి ఇచ్చేది, మనుషులకు బ్రౌజరులో చదువుకునే పేజీలు చేసి పెట్టేది. ఏ లైను నొక్కినా దాని పేరా తెరుచుకునేది. నేనెప్పుడూ నొక్కలేదు. బిలాస్‌పూర్‌లో హిందీ మీడియం చదువు నాది. తెలుగు కూడబలుక్కుని చదవాలి, అంత ఓపిక నాకెక్కడిది?

ఆయన రిటైరయ్యాక పని నా చేతికొచ్చింది. వరసగా రెండు రాత్రులు బండి నడిపినవాడికి మూడో రాత్రి డ్యూటీ పడనివ్వని లైను ఒకటుంది. అప్పటి మేనేజరు తీసెయ్యమంటే, విడదీసిన కోడులో తీసేశాను. మర్నాడు టూలు నడపగానే మళ్లీ వచ్చింది. మళ్లీ తీశాను, మళ్లీ వచ్చింది. తీయాల్సింది బాబాయి రాతలోనని బుర్రకెక్కడానికి రెండు రోజులు పట్టింది. విసుక్కుంటూ పేరా తెరిచి, వేలు పెట్టి చదివాను.

"మూడో రాత్రి ఎవరికీ వెయ్యకూడదు. మా అన్నయ్యకు వేశాం. స్టీరింగు మీదే నిద్రపోయాడు. ఆ లిస్టు రాసింది నేనే."

ఆ అన్నయ్య మా నాన్న. నాకు తొమ్మిదేళ్లప్పుడు పోయాడు. పొగమంచులో లారీ బోల్తా పడిందనే ఇంట్లో చెప్పారు.

స్కూటరు మీద అర్పా నది వంతెన దాటి, సర్కండాలో బాబాయి ఇంటికి తిట్టాలనే వెళ్లాను. ఆయన నా మొహం చూసి, "సదివీసేవేటమ్మా?" అన్నాడు.

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"అచ్ఛా... నోటితో సెప్పలేకే కదమ్మా అక్కడ రాసేను. ఎప్పుడో నొక్కుతావనుకున్నాను."

తిట్టలేకపోయాను. క్షమించానని కూడా అనలేదు. ఇప్పుడందామంటే ఆయన లేడు. ఆ లైను మాత్రం తీయలేదు.

కొత్త మేనేజరుకు తెలుగు రాదు. అందుకని ఇవాళ ఆ పేరా కింద దాన్నే హిందీలో రాశాను. "రాసింది నేనే" అన్నది మాత్రం రెండుసార్లు చెరిపి మళ్లీ రాశాను. చివర నా మాటగా, ఈ లైను తీయనని చేర్చి పంపాను. జవాబు ఇంకా రాలేదు, ఫోను చేతిలోంచి దించలేకపోతున్నాను. నాన్న ఆగిపోయిన వయసు నేనెప్పుడో దాటేశాను, గుమ్మంలో నిలబడి లారీ చప్పుడు కోసం చూసిన పిల్లకు మాత్రం ఇంకా తొమ్మిదేళ్లే.