జీలకర్ర తగిలేదాకా

కంబం నుంచి ఫోను వచ్చేసరికి మేము ఇంకా బాణలి కింద నిప్పు వేయలేదు. మనవరాలు ఫోను పెట్టేసి, "అవ్వా, ప్రొఫెసరమ్మ నిద్దర్లోనే పోయినారంట," అంది. మా ఇంట్లో సొంతవాళ్లు పోతేనే పని ఆపుతాం. ఆ రోజు ఎవరూ నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. నిప్పు వేయలేదు, అంతే.

మదురైలో మాది జీలకర్ర మిఠాయి చేసే ఇల్లు. తాళ్లతో వేలాడే బాణలిలో జీలకర్ర పోసి, సన్నని సెగ మీద ఊపుతూ, చక్కెర పాకం కొంచెం కొంచెంగా చిలకరిస్తాం. ఒక పొర ఆరాకే మరో పొర. ప్రొఫెసరమ్మ మా మేడ మీద అద్దెకు దిగింది. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. మదురైకి పడమటనున్న కంబంలో ద్రాక్షతోటవాళ్ల ఆడపడుచు, ఇంట్లో మాలాగే తెలుగు. వచ్చిన రోజే బాణలి దగ్గర నిలబడి, "అక్కా, నేను చేసేదీ ఇదే పని. నా మిట్టాయి కంటికి కనపడదు, అంతే," అంది. నేను నమ్మలేదు. అద్దెకు వచ్చేవాళ్లందరూ మొదట్లో తియ్యగానే మాట్లాడతారు.

మా మనవరాలు ఆమె దగ్గరే పరిశోధనకు చేరాక నాకు విడమరిచి చెప్పింది. మన ఒంటిలోని కణాలు కూడా ఇనుములాగా తుప్పు పడతాయట. ఆ తుప్పును ఆపే అతి చిన్న రేణువులు ఉన్నాయి. వాటిని ఊరికే పోస్తే కణం లోపలికి చాలినన్ని చేరవు. అందుకని వాటిని సుద్ద గింజలో కలిపి, గింజ మీద పాలిమర్ పొరలు ఒకదానిపై ఒకటి వేసి, చివరికి సుద్దను కరిగించేస్తారు. రేణువులు సంచిలో మిగులుతాయి. కణం ఆ సంచిని మింగుతుంది.

"అంటే జీలకర్ర తీసేసి మందు పెట్టిన మిట్టాయి. మోసం కదమ్మా?" అని ప్రొఫెసరమ్మనే అడిగాను.

"బిడ్డలకి కొండ అరటిపండులో మాత్ర పెట్టి మీరియ్యలేదా, అక్కా?"

లోపలికి వెళ్లి ఆమెకు కాఫీ తెచ్చాను.

మనవరాలి సంచులు మాత్రం ఎప్పుడు చేసినా ఒకదానికొకటి అంటుకొని ముద్దలయ్యేవి. ముద్దను ఏ కణమూ మింగదు. పిల్ల సరిగ్గా అన్నం తినడం మానేసింది. ఒకరోజు, "పోదుం అవ్వా, చాలు. అంగట్లో కూర్చుంటా," అంది. మా ఇళ్లలో అరవం కలిసి, పోదుం అంటే చాలు అనే. అంగట్లో మనిషి కావాలి, నిజమే. ఓడిపోయి వచ్చి కూర్చునే మనిషి నాకు అక్కర్లేదు. ఆ మాటే ప్రొఫెసరమ్మతో అన్నాను.

ఆమె పిల్లను తిట్టలేదు. కిందికి వెంటబెట్టుకొచ్చి, "అక్కా, ఒక వాయి చెడగొడదాం," అంది.

"చక్కెర దండగ చేసేదా? ఈ ఇంటికి వచ్చినప్పట్నుంచి పిడికెడు పారేసినదాన్ని కాదు."

"పిడికెడే అక్కా. దీని చదువు దానికన్నా మేలు కదా."

బాణలిలో జీలకర్ర పిడికెడే పోశాను. మొదటి పాకం ఆరకముందే రెండోది, మూడోది ఆమే గుమ్మరించింది. చూస్తుండగానే అంతా ఒక ఉండయింది. దాన్ని పిల్ల చేతిలో పెట్టి, "ఇదే కదా నీ థీసిస్సు?" అంది.

పిల్ల ముందు ఏడ్చింది, తరువాత నవ్వింది. పొరకూ పొరకూ మధ్య మిగిలిపోయిన పాలిమర్‌ను బాగా కడగాలట. త్వరగా ముగించాలని తను కడగడం తగ్గించిందట. బాణలి పక్కన పెరిగిన పిల్ల చేసే తప్పా ఇది అని నేను తిట్లు అందుకోబోతే, ప్రొఫెసరమ్మ, "అక్కా, పోదుం," అంది. ఊరుకున్నాను. నన్ను ఊరుకోమనగలిగినవాళ్లు తక్కువ.

ఆ తరువాత సంచులు విడివిడిగా వచ్చాయి. తుప్పు పట్టించే మందు పోసినా, వాటిని మింగిన కణాలు చాలావరకు బతికాయి. అప్పటికి ఆమె రిటైరై, ఒంట్లో బాగాలేక కంబంలో ఉంది. అయినా బస్సెక్కి వచ్చి, మైక్రోస్కోపు మీద వంగి చాలాసేపు తల ఎత్తలేదట. చివరికి, "మింగేసినాయి కన్నా. ఇంకొకటి పెట్టు, చూస్తా," అందట.

ఆమె మా మిఠాయిని ఏనాడూ కొరకలేదు. బుగ్గన పెట్టుకొని, జీలకర్ర తగిలేదాకా మాట్లాడేది కాదు. "కొరికితే తీపి ఒకటే తెలుస్తుంది. ఆగితే పని తెలుస్తుంది," అనేది. విద్యార్థులకూ అదే నేర్పింది.

కాలేజీలో సంతాప సభకు ఒక జాడీ నిండా మిఠాయి పంపి, నేనూ వెళ్లాను. జాడీ వరుసలన్నీ తిరిగింది. మాట్లాడటానికి మొదట మా మనవరాలిని పిలిచారు. మైకు ముందు నిలబడి నోరు తెరవలేదు. బుగ్గ ఇంకా ఎత్తుగానే ఉంది. హాలంతా చూశాను. అందరి బుగ్గలూ అలాగే ఉన్నాయి. ఎవరూ కొరకలేదు. అందరం ఆగాం.