సారవ్వ కీర పందిరి

గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుల కాలనీలో సారవ్వ చేతి దెబ్బ తిననివాళ్ళు తక్కువ. కల్లు దుకాణం దగ్గర మొగుడి జేబులో చెయ్యి పెట్టినవాడి చెవి రక్తం కారేలా మెలిపెట్టింది. నల్లా దగ్గర తన బిందెను కాలితో తన్నిన ఆడమనిషిని జుట్టు పట్టి రోడ్డు దాకా ఈడ్చింది. మొగుడు రాయమల్లు గనిలో పైకప్పు కూలి చనిపోయిన రోజున, ఓదార్చే వంకతో వీపు నిమిరిన ఒక పెద్దమనిషి ముక్కు అక్కడికక్కడే పగలగొట్టింది. శవం ఇంకా వాకిట్లోనే ఉంది. వాడికి అలాగే కావాలి.

ఇంతమంది మీద లేచిన ఆ చెయ్యి ఒక్కడి మీద మాత్రం ఎన్నడూ లేవలేదు. వాడు వీరేందర్, ఒక్కగానొక్క కొడుకు. తండ్రి లేని పిల్లవాడని నెత్తిన పెట్టుకుని పెంచింది. అన్నం పళ్ళెం గోడకేసి కొడితే, మెతుకులు ఎత్తి మళ్ళీ వడ్డించింది. తండ్రి ఉద్యోగం వాడికే వచ్చింది. ఇప్పుడు బాయిలోకి దిగుతాడు, డ్యూటీ దిగాక తాగుతాడు, తాగాక పెళ్ళాన్ని కొడతాడు.

ఆ పెళ్ళాం పేరు సంతోషి. నోట్లో నాలుక లేని పిల్ల. నిరుడు నాలుగో నెల కడుపుతో ఉండగా వీరేందర్ పొట్ట మీద తన్నాడు, కడుపు పోయింది. సారవ్వ అది కళ్ళారా చూసింది. అయినా అడిగినవాళ్ళందరికీ దిష్టి తగిలిందని చెప్పుకొచ్చింది. చెప్పగా చెప్పగా తానే నమ్మేసింది. కన్నకొడుకు సంగతి కదా, నమ్మడానికి ఎంతసేపు!

ఇప్పుడు సంతోషికి మళ్ళీ ఐదో నెల. ఏం తిన్నా కడుపులో ఇమడదు. ఉప్పు చల్లిన కీరదోసకాయ ముక్కలు మాత్రం నోటికి హితవుగా ఉన్నాయంది. ఆ మాట చాలు సారవ్వకు. పెరట్లో మట్టి తవ్వి, మేకల ఎరువు కలిపి, కీర గింజలు పెట్టింది. వెదురు గుంజలు పాతి పందిరి వేసింది. బొగ్గు దుమ్ము పడి ఆకులు నల్లబడితే పొద్దున్నే చెంబుతో నీళ్ళు చిలకరించి కడిగేది. పసుపు పూల వెనక వేలెడేసి పిందెలు కనబడిన రోజు కోడలిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. వేలు మడిచి మరీ చూపించింది.

పిందెకు వేలు చూపిస్తే మురిగిపోతుందని ఆమె నమ్మకం. పక్క క్వార్టరులో ఉండే కమలకుమారికి కూడా ఈ సంగతి తెలిసే ఉండాలి. ఆమె మొగుడు పట్టాభిరామయ్య ఆఫీసులో గుమస్తా, కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. పిందెల సంగతి తెలిసి కూడా ఆవిడ ఒకనాడు గోడ మీంచి తొంగి చూసి, "అబ్బో, ఎంత కాపో! అదిగో అక్కడొకటి, ఆ ఆకు కింద ఇంకోటి" అని వేలు చాపి మరీ లెక్కపెట్టింది.

రెండు రోజులు గడిచేసరికి సగం పిందెలు పసుపుబారి రాలిపోయాయి.

రాలిన పిందెలు కొంగులో పోసుకుని సారవ్వ పక్కింటి గేటు తన్నుకుని లోపలికి పోయింది. "నా కోడలు నోటికాడి కాయ! గా వేలు ఇంక ఎవలికీ సూపియ్యకుంట జేస్త!" అంటూ కమలకుమారి చూపుడువేలు పట్టి వెనక్కి విరిచింది. పుటుక్కుమంది. కమలకుమారి అరుపుకు వీధి వీధంతా పరుగెత్తుకొచ్చింది. పట్టాభిరామయ్య గుమ్మం దాటి బయటికి రాలేదు.

కమలకుమారి ఏడుస్తూనే నిలదీసింది.

"దోసపిందెకు వేలు చూపించానని నా వేలు విరిచేశావు. కోడలి కడుపు మీద తన్నాడే నీ కొడుకు, వాడి కాలినేం చేశావే సారవ్వా?"

వీధి మొత్తం వింది. సారవ్వ కొంగులోని పిందెలు అక్కడే జారిపోయాయి. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు, కోడలి ముఖం చూడలేకపోయింది.

ఆ మాట వీరేందర్ చెవిన పడటానికి ఎంతోసేపు పట్టలేదు. మర్నాడు మొదటి షిఫ్టు దిగి, దారిలో తాగి, మధ్యాహ్నం తూలుతూ పెరట్లోకి వచ్చాడు. సంతోషి పందిరి కింద మిగిలిన కాయలు కోస్తోంది.

"నా ఇజ్జత్ దీస్తవా? గా ఆంధ్రామెకు నువ్వే జెప్పినవ్ గదనే!"

"నేనేం జెప్పలే" అన్నది సంతోషి.

జుట్టు పట్టి పందిరి గుంజకేసి తల కొట్టాడు. గుంజ ఊడి పందిరి ఒరిగింది, తీగలు ఇద్దరి మీదా పడ్డాయి. సంతోషి మట్టిలో పడి, నుదుటి నుంచి కారే రక్తం తుడుచుకోకుండా రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకుంది. వీరేందర్ కాలెత్తాడు.

ఆ కాలు దిగకముందే, ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చిన సారవ్వ ఊడిన గుంజతో దాని మీద కొట్టింది. వాడు వెల్లకిలా పడ్డాడు. మళ్ళీ అదే కాలి మీద కొట్టింది.

"అవ్వా! నేనే, వీరేందర్‌నే!"

"ఎరికే. ఎరికయ్యే కొడుతున్న!"

మూడో దెబ్బకు ఎముక విరిగిన చప్పుడు గోడవతలికి కూడా వినబడింది. వాడు తీగల్లో పొర్లుతూ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. గుంజ కింద పడేసి సారవ్వ కోడలి దగ్గరికి పరుగెత్తింది. పొట్ట మీద చెయ్యి పెట్టి చూసింది. లోపల బిడ్డ కదిలింది.

ఇరుగుపొరుగు వాళ్ళు వీరేందర్‌ను మోసుకెళ్ళి ఆటోలో పడుకోబెట్టారు. "అవ్వా, నువ్వు సుత రాయే, నాకు బయమైతంది" అని వాడు చెయ్యి చాపాడు. సారవ్వ కాళ్ళు వాటంతట అవే రెండడుగులు వేశాయి. అక్కడే ఆగిపోయింది. ఆటో ఎక్కితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. దవాఖానలో వాడి తల ఒళ్ళో పెట్టుకుంటుంది, కట్టు కట్టించి మళ్ళీ ఈ ఇంటికే తీసుకొస్తుంది. ఆటో కదిలిపోయింది.

పక్కింటి గేటు దగ్గర నిలబడి చూస్తున్న పట్టాభిరామయ్య వైపు ఆమె తిరిగింది. "సారూ, పోలీసోళ్లకు ఫోన్ జెయ్యున్రి. కాలు ఇరగ్గొట్టింది తల్లేనని జెప్పున్రి. ఎందుకు కొట్టిన్నో, నిరుడు వాడేం జేసిండో నేనే జెప్త."

అప్పుడు తన ఇంటి గుమ్మంలో కూలబడి, ఇంట్లో చావు జరిగినట్టు గుండెలు బాదుకుని ఏడ్చింది. సంతోషి వచ్చి పక్కన కూర్చుని ఊకోమంటూ భుజం పట్టుకుంది.

"ఏడువనియ్యి బిడ్డా" అన్నది సారవ్వ. "వాడు నా కొడుకే గదా."