పోటు మీద పోయిన సరంగు

పత్రికలో పనిచేసినన్నాళ్లలో నేను ఒకే ఒక్క మనిషిని చంపాను. అతను కాకినాడ రేవులో సరంగు, అంటే సరుకు పడవ నడిపించే పెద్ద.

డెబ్బయ్యవ దశకం చివర్లో వరంగల్ నుంచి నన్ను కాకినాడకు విలేకరిగా పంపారు. సముద్రం ఎప్పుడూ చూడలేదని ఇంటర్వ్యూలో నేను చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. మాది నేత నేసే ఇల్లు. బయల్దేరే రోజు బాపు ఒకటే మాటన్నాడు.

"ఆరు నెలలు జూడు బిడ్డా. నౌకరి పక్కా కాకుంటే ఫికర్ చెయ్యకు. నీ మగ్గం ఏడికీ పోదు."

ధైర్యం చెప్పాడనే అనుకుంటాను. నాకు మాత్రం బెదిరించినట్టు వినిపించింది. మగ్గం మీద కూర్చుంటే నేను నేసినదానికంటే తెంపిన దారమే ఎక్కువ.

ఆ రోజుల్లో కాకినాడలో ఓడలు ఒడ్డుకు వచ్చేవి కావు. లోతు చాలక నాలుగైదు మైళ్ల దూరంలోనే లంగరు వేసేవి. బియ్యం బస్తాలైనా ఎరువులైనా కాలువ గట్టున పడవలకెక్కించి అక్కడిదాకా తీసుకెళ్లాలి. ఇది తెలియక మొదటి వారమంతా పొద్దున్నే జెట్టీ మీద నిలబడి, తొర్రూరు బస్సు కోసం చూసినట్టు ఓడ కోసం చూశాను. జాలిపడి నన్ను దగ్గరికి తీసింది ఆ సరంగే. ఏ ఓడ వచ్చింది, ఏం సరుకు, కూలీలు ఎందుకు అలిగారు, అన్నీ అతనే చెప్పేవాడు. నేను 'విశ్వసనీయ వర్గాల ప్రకారం' అని రాసేవాణ్ణి. ఆ వర్గాలన్నీ కలిపి ఒక మనిషి, ఒక బీడీ.

ఆరో నెల చివరికొచ్చింది. ఉద్యోగం పక్కా అయినట్టు కాగితం రాలేదు. గట్టి వార్త ఒక్కటి పడితే తప్ప రాదని నాకే తెలుస్తోంది. ఒక సాయంత్రం వార్తేమీ దొరక్క కాలువ పక్కనున్న సరంగు ఇంటికి వెళ్లాను. అతని భార్య వాకిట్లో చేపలు కడుగుతోంది.

"అన్న ఉన్నడా అక్కా?"

"ఎక్కడండీ! పొద్దున్నే పోటు మీద పోయాడు."

మా వైపు పోటంటే కత్తిపోటు. తలపోటు కూడా ఉంది గానీ దానితో ఎవరూ పోరు.

"అయ్యో! గిది ఎవల పనక్కా?"

"ఎవరి పనేంటండీ, ఓనరు గారి పనే. ఆయన సంగతి మీకు తెలీనిదా?"

కంట తడి లేదు. పైగా "టీ తాగుతారా?" అని అడిగింది. ఆ నిబ్బరం చూసి నాకే ఏడుపొచ్చింది.

సముద్రం పొంగడాన్ని పోటంటారని నాకు తెలియక కాదు. బళ్లో 'ఆటుపోట్లు' అని జంటగా చదువుకున్నాను. జీవితంలో ఆటుపోట్లని వ్యాసాలు కూడా రాశాను. ఆ జంటలోంచి ఒకటి విడిపోయి ఒంటరిగా ఎదురైతే ఆనవాలు పట్టలేకపోయాను. పోటు వచ్చి, కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్లు పెరిగితేనే బరువు పడవలు బయటికి దాటతాయి. ఆమె చెప్పింది అంతే.

ట్రంక్ కాల్ చేసి విజయవాడ డెస్కుకు సరంగు దారుణ హత్య వార్త చెప్పాను. ధైర్యవంతుడన్నాను, తుపానులో సైతం పడవ వదలని మనిషన్నాను. ఒక పడవ యజమాని మీద అనుమానాలున్నాయన్నాను. భార్య గుండె రాయి చేసుకుని చేపలు కడుగుతూ కనిపించిందన్నాను. పోలీసులకు ఇంకా సమాచారం అందలేదని ముగించాను. ఆ చివరి మాట మాత్రం అక్షరాలా నిజం.

తెల్లారి తలుపు విరిగేలా చప్పుడు. సరంగు భార్య, చేతిలో పేపరు. ఎవరో చదివి వినిపించారట.

"ఏవయ్యా, నా మొగుణ్ణి పొడిచిందెవరో నాకూ చెప్పు! పోటు మీద ఓడ దగ్గరికి పోయాడంటే చంపేస్తావా? పైగా నాది రాయి గుండా?"

ఆమె వెళ్లిన కాసేపటికే పక్క మందుల షాపుకు డెస్కు ఇన్‌చార్జి ఫోను. పడవ యజమాని అప్పటికే ఆయన్ని నిద్రలేపాడు.

"శవాన్నయినా చూపించు, మనిషినైనా చూపించు. బతికే ఉన్నానని అతని వేలిముద్ర సాయంత్రంలోగా తీసుకోకపోతే రేపు వరంగల్ రైలెక్కు."

ఓడ దగ్గరికి వెళ్తున్న ఇంకో పడవలో బస్తాల మీద కూర్చున్నాను. మొగ దాటగానే పొద్దుటి ఇడ్లీలు సముద్రానికి అప్పగించాను, ఆ వెనకే రాత్రి అన్నం. ఓడ పక్కన, రాత్రంతా అక్కడే ఆగిన తన పడవలో సరంగు తాపీగా భోంచేస్తున్నాడు. అతని మనుషులు నన్ను బస్తాను దించినట్టే దించుకున్నారు.

"ఏంటి బాబూ, ఇలా వచ్చారు? ఎవరన్నా పోయారా?"

"నువ్వేనన్నా," అని పేపరు చూపించాను.

అతనికి చదువు రాదు. నేనే చదివాను. 'తుపానులో సైతం' దగ్గర చెయ్యెత్తి ఆపాడు.

"అది మళ్లీ చదవండి. ఇనండ్రా!"

మళ్లీ చదివాను. పడవంతా నవ్వు.

"తప్పయిందన్నా. నువ్వు బతికే ఉన్నవని రాయాలె. జర వేలిముద్ర వెయ్యి."

చెయ్యి కడుక్కుని పంచెకు తుడుచుకున్నాడు.

"ఎయ్యనండి."

"వెయ్యకుంటే నా నౌకరి పోతదన్నా!"

"వార్తంతా బానే ఉందండి, ఒక్క చావు తప్ప. రేపు ఇది తప్పని ఏశారనుకోండి, ధైర్యం కూడా తప్పేనంటారు మావోళ్లు. చూడండి ఎలా నవ్వుతున్నారో!"

బస్తాల మీద బోర్లా పడుకుని బేరానికి దిగాను. చివరికి ఇద్దరం కలిసి సవరణ తయారుచేశాం: సరంగు క్షేమంగా ఉన్నారు, యజమానికి ఏ సంబంధమూ లేదు, ధైర్యవంతుడన్న మాటలో మార్పు లేదు. నా పెన్ను సిరా వేలికి పూసుకుని కాగితం మీద నొక్కబోతూ ఆగాడు.

"మా ఆవిడ గుండె రాయని రాశారు గదా, అది మాత్రం తియ్యకండి."

సాయంత్రం ఫోనులో సవరణ చదివాను. ఇన్‌చార్జి నవ్వుతున్నాడో పళ్లు నూరుతున్నాడో ఆ లైనులో తేల్చుకోలేకపోయాను.

"ధైర్యం వాక్యం కొట్టేస్తున్నా."

"కొట్టెయ్యకండి సార్. అతను వేలిముద్ర వేసిందే దానికి."

"సరే. నీ సంగతి ఇంకో మూడు నెలలు చూద్దాం."

ఆ మూడు నెలలూ ప్రతి రేవు వార్తా పంపే ముందు సరంగుకు చదివి వినిపించాను. అతను మాటలు దిద్దేవాడు, తన ప్రస్తావన ఉన్నచోట కాస్త పెంచేవాడు కూడా. గడువు తీరాక ఉద్యోగం పక్కా అయినట్టు ఉత్తర్వు వచ్చింది. రేవు వార్తల్లో భాష బాగా మెరుగుపడిందని అందులో రాశారు. ఎవరి భాష అని మాత్రం వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు.