హలాలమ్మ

భూపాలపల్లిలో ఆ ప్రైవేటు దవాఖాన క్యాంటీన్‌కు పోయి గట్టమ్మ ఎక్కడని అడిగితే సగం మంది తెల్లమొహం వేస్తారు. హలాలమ్మ అని అడగండి, వెంటనే వంటగది వైపు చెయ్యి చూపిస్తారు. ఆ పేరు ముద్దుగానే పెట్టారు, ముద్దుగానే పిలుస్తారు. పిలిచినప్పుడల్లా ఆమె మాత్రం గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నవాడిలా ఉలిక్కిపడుతుంది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగినా ఆమె చెప్పేది కాదు.

గట్టమ్మది మొగుళ్లపల్లి. కౌలుకు తీసుకున్న పత్తి చేను కలిసిరాక, భర్త సాంబయ్యతో కలిసి భూపాలపల్లి చేరింది. సాంబయ్య బొగ్గు లారీల దగ్గర పనికి కుదిరాడు, ఆమె ఈ వంటగదిలో దూరింది. చదువు లేదు గాని చేతిలో రుచి ఉంది, నోట్లో అంతకు రెట్టింపు మాట ఉంది. పేషెంటు తాలూకు వాళ్లు ఏడుస్తూ వస్తే ముందు కంచం ముందర పెట్టేది. "ఏడ్వనీకి గూడ బలం ఉండాలె బిడ్డా, తిను" అనేది. మంచి మనిషే. కాకపోతే తన వంట తినని వాళ్లను చూస్తే ఆమెకు తగని కోపం.

అలా తినని మనిషి దవాఖానలో ఒక్కతే ఉంది, చాందీ. వార్డులు ఊడ్చే పిల్ల. మసీదు వెనక గల్లీలో ఇల్లు. మధ్యాహ్నం క్యాంటీన్ మెట్ల మీద కూర్చొని ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా విప్పేది. "నా కూర ముడితే అరుగుతవా, పిసినారిదానా" అని గట్టమ్మ ఆటపట్టించేది. చాందీ నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు వెనక ఏముందో గట్టమ్మ ఎన్నడూ వెతకలేదు.

ఆ రోజుల్లోనే రుస్లాన్ వచ్చి పడ్డాడు. థర్మల్ ప్లాంటులో ఏదో యంత్రం బిగించడానికి ఇండోనేషియా నుంచి వచ్చిన మనిషి. బండి జారి తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, మంచం దిగే వీలు లేదు. తెలుగు రాదు, హిందీ రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. అరటిపండ్లు, పెరుగన్నం, ఉడికించిన గుడ్లతో నెట్టుకొచ్చి, చివరికి గుడ్డు చూస్తేనే మొహం తిప్పుకోసాగాడు. డాక్టర్ కళ్యాణి గట్టమ్మను పిలిచి, "ఎముక అతకాలంటే ఆయన మంచిగ తినాలె. జర నువ్వే చూడు" అంది.

ఆ మాటతో గట్టమ్మకు ఏనుగెక్కినట్టయింది. కారం తగ్గించి, కొబ్బరి కలిపి కోడికూర వండి స్వయంగా పట్టుకుపోయింది. రుస్లాన్ వాసన చూశాడు, గుటక మింగాడు. చెయ్యి మాత్రం కంచం దగ్గరే ఆగిపోయింది. ఆమె మొహంలోకి చూసి, "హలాల్?" అన్నాడు.

గట్టమ్మకు ప్రాణం లేచివచ్చింది. ఆయన నోట అర్థమయ్యే మాట ఒకటి ఊడిపడింది. మొగుళ్లపల్లి దిక్కున కోడి మెడ కోయడాన్నే హలాల్ చేయడం అంటారు. ఒకప్పుడు ఊళ్లో కోసేది సాయిబే కాబట్టి ఆ మాట నిలిచింది. సాయిబు పోయాడు, కత్తి ఎవరెవరి చేతుల్లోకో పోయింది, మాట మాత్రం మిగిలింది. చచ్చిన కోడిని వండలేదు గదా అని అడుగుతున్నాడనుకుంది గట్టమ్మ. "హలాలే సారు. పొద్దుగాల్నే చేసిండు చికెన్ దుకాణం యాకయ్య" అంది, చేత్తో మెడ కోస్తున్నట్టు చూపించి మరీ.

రుస్లాన్ గుండెల మీద చెయ్యి పెట్టుకొని తల వంచాడు. తర్వాత బొక్కలు మిగిలేదాకా తల ఎత్తలేదు.

ఆనాటి నుంచి అదే వాళ్లిద్దరి పలకరింపు. కంచంతో ఆమె గుమ్మంలోకి రాగానే ఆయన నవ్వుతూ "హలాల్?" అనేవాడు, ఆమె "హలాల్" అనేది. బాగున్నవా అంటే బాగున్న అన్నట్టు. ఆయన మొహంలో రక్తం తిరిగింది. గట్టమ్మ సంబరం దవాఖానలో పట్టలేదు.

ఆ సంబరంలోనే ఒకనాడు, కూర పొయ్యి మీద ఉడుకుతుండగా, చాందీని పట్టుకుంది. "దేశంగాని దేశపు సారే లొట్టలేసుకుంట తింటుండు. నీకేం మాయరోగమే?"

చాందీ చీపురు ఆపింది. "ఆయనకు హలాల్ అని చెప్పినవా అక్కా?"

"చెప్పకేంది. హలాల్ చెయ్యకుంట కోడి ఎట్ల ఉడుకుతది?"

"కోసింది యాకయ్యన్న కదా."

"అయితే ఏంది?"

"మాకు హలాలంటే ఉత్త కోసుడు కాదక్కా. మావోళ్లు బిస్మిల్లా అని, అల్లా పేరు తీసుకొని కొయ్యాలె. లేకుంటే మేం తినం. నేను నీ కూర తిననిది గందుకే."

"మరి ఇన్నొద్దులు చెప్పకపోతివి."

"నువ్వు అడుగలే. పిసినారిదానా అని నవ్వినవు" అని చాందీ మళ్లీ ఊడవసాగింది.

గట్టమ్మకు ముందు కోపమే వచ్చింది. తప్పు తనది కాకుండా ఉండాలన్న ఆశతో వచ్చే కోపం అది. చెంగు దోపుకొని రోడ్డు దాటి చికెన్ దుకాణానికి పోయింది.

"యాకయ్యా, కోసేటప్పుడు ఏమన్న చదువుతవా?"

"నాలుగో తరగతితోనే బడి బందు వెట్టిన అక్కా."

"గది కాదురా. కోడి మెడ మీద కత్తి పెట్టినప్పుడు."

"కోడి మెడ మీద ఏం రాసుంటది చదువనీకి?"

"అన్నారం దర్గా బాబా పేరు పెట్టుకున్నవు కదరా, బిస్మిల్లా అనుడన్న రాదా?"

"పేరు మా అవ్వ మొక్కు. కత్తి నాది" అన్నాడు యాకయ్య, ఈక పీకుతూ.

వేరే రోజయితే పడీపడీ నవ్వేది. ఆ రోజు తల కొట్టేసినట్టయింది. రుస్లాన్ గుండెల మీద పెట్టుకున్న చెయ్యి, వంచిన తల కళ్లముందు మెదిలాయి. నోరు తెరిచి అడిగాడు, తను నోరారా చెప్పింది. నమ్మి తిన్నాడు.

తిరిగొచ్చేసరికి కూర దగ్గర పడింది, భోజనాల వేళయింది. గుడ్లున్నాయి, పప్పుంది. కూర అయిపోయిందని చెప్పొచ్చు. కాని ఆయన ఆకలి మొహం గుర్తొచ్చింది. అంతకంటే ముందు, ఉత్త చేతులతో పోతే ఏమని చెప్పాలో అన్న భయం గుర్తొచ్చింది. ఈ ఒక్కపూటే అనుకొని కంచం నింపింది.

రుస్లాన్ ఎప్పటిలాగే నవ్వాడు. "హలాల్?"

చెయ్యి అడ్డంగా ఊపితే చాలు, ఆయనకు అర్థమయ్యేది. భాష అక్కర్లేదు. గట్టమ్మ చెయ్యి ఊపలేదు.

"హలాల్" అంది.

అంతకుముందు అన్నవన్నీ తెలియక అన్నవి. ఇది తెలిసి అన్నది. ఆయన తింటుంటే నిలబడి చూడలేక తేలు కుట్టిన దొంగలా బయటపడింది. ఆ పూట తను అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే చాందీ ఇంటికి పోయింది. మసీదు దగ్గరి దుకాణం చూపించమంది. అక్కడి మనిషి అల్లా పేరు తీసుకొని కోస్తుంటే కళ్లార్పకుండా చూసింది. తిరిగొస్తుంటే చాందీ అంది, "పరేషాన్ గాకు అక్కా. తెల్వక తిన్నోళ్లకు పాపం లేదంటరు మా దాంట్ల. తెల్వక పెట్టినోళ్లకు గూడ లేదు."

గట్టమ్మ సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది.

ఆ మధ్యాహ్నం కంచంతో గుమ్మంలో నిలబడి ఆయన అడుగుతాడని చూసింది. అడిగితే ఈసారి ధైర్యంగా హలాల్ అని చెప్పాలని దారంతా అనుకుంటూ వచ్చింది. రుస్లాన్ అడగలేదు. ఫోన్‌లో భార్యతో మాట్లాడుతున్నాడు. గట్టమ్మను చూసి ఫోన్ ఇటు తిప్పి, "ఇబు హలాల్" అన్నాడు. తలకు గుడ్డ చుట్టుకున్న ఆ భార్య రెండు చేతులూ జోడించింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. ఇబు అంటే వాళ్ల భాషలో అమ్మ అని తర్వాత నర్సు చెప్పింది.

ఆ తర్వాత ఆయన మళ్లీ ఎన్నడూ ఆ మాట అడగలేదు. అడగాల్సిన పని లేదనుకున్నాడు. కట్టు విప్పాక, కర్ర ఊతంతో వెళ్లిపోతూ అందరి ముందూ వంగి ఆమె చెయ్యి కళ్లకద్దుకున్నాడు. ఇబు హలాల్ కాస్తా నర్సుల నోట హలాలమ్మ అయింది.

క్యాంటీన్‌కు ఇప్పుడు కోడి మసీదు దగ్గరి నుంచే వస్తుంది. చాందీ మాత్రం ఇంకా గట్టమ్మక్కా అనే పిలుస్తుంది. ఒకనాడు ఉండబట్టలేక గట్టమ్మే అడిగింది. "అందరు గా పేరు పెట్టి పిలుస్తుండ్రు. నువ్వెందుకు పిలువవే?"

చాందీ మెట్ల మీద కూర్చొని డబ్బా మూత తీస్తోంది. తల ఎత్తలేదు.

"నీకు హలాల్ సంగతి చెప్పిన నాడు కూర పొయ్యి మీదనే ఉండె కదక్కా. గా సాయంత్రం ఆయన రూము ఊడ్చింది నేనే. చెత్తబుట్టల కోడి బొక్కలున్నయి."

చాందీ ముద్ద కలుపుకుంది. గట్టమ్మ చేతిలో వేడి కూర గిన్నె ఉంది. కొంచెం వెయ్యనా అని అడగడానికి ఆమెకు నోరు రాలేదు.